కోమల చెక్

చాలా ఏళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే ముందు మీకు చెబుతున్నాను. ఇక్కడ చెప్పగలిగితే చెప్పాల్సిన చోట కూడా నోరు పెగులుతుందని ఆశ.

మాది తిరుపతిలో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. అలిపిరి పోయే దారిలో, ఒక టిఫిన్ హోటలు పైన. అప్పట్లో ఓనరు కాక ముగ్గురమే ఉండేవాళ్లం. అందులో నేను సీనియర్ని. బంగారుపాళ్యం వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు ఉన్నాయి కదా, వాటిలో ఒకదానికి మేం టోకెన్ల యాప్ చేసి ఇచ్చాం. తోతాపురి మామిడి సీజన్ వచ్చిందంటే గేటు ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరేవి. ఆ బాధ తప్పించడానికి మా యాప్ నుంచి రైతు ఫోనుకు మెసేజ్ వెళ్లేది: రేపు మీ వంతు, కాయ తీసుకురండి. అది చూసుకున్నాకే రైతు కోతకు మనుషుల్ని పిలిచేవాడు. కోసిన కాయ ఎవరి కోసమూ ఆగదు. అందుకని ఆ మెసేజ్ తప్పుగా వెళ్లకూడదు. యాప్‌లో మిగతావన్నీ ఎలా ఉన్నా ఫర్వాలేదు, అది మాత్రం తప్పకూడదు.

ఆ మెసేజీలు పంపే భాగం రాసింది కోమల. నగరి అమ్మాయి, ఇంట్లో మరమగ్గాలు. మాట గబగబా వచ్చేది, కోడ్ మాత్రం నిదానంగా రాసేది. ఏ మార్పు చేసినా ఎందుకు చేసిందో రెండు ముక్కలు పక్కన రాసిపెట్టేది. రైతుల అసలు నంబర్లతో ఆటలొద్దని, మా ముగ్గురి నంబర్లు మాత్రమే ఉన్న టెస్ట్ కాపీ ఒకటి విడిగా తయారుచేసింది. ఒకరు రాసింది ఇంకొకరు చూడకుండా లైవ్‌లో, అంటే రైతులకు నిజంగా నడిచే యాప్‌లో, పెట్టొద్దని నన్ను పోరేది. ముగ్గురున్న గదిలో ఇంత తతంగమా అని నేను నవ్వేవాణ్ణి. సర్వర్‌లోకి అందరం ఒకే లాగిన్‌తో వెళ్లేవాళ్లం, ఎవరు ఏం చేశారో తర్వాత తెలిసేది కాదు. ఎవరిది వాళ్లకు ఉండాలని కూడా ఆమే అడిగింది. చూద్దాంలే అన్నాను. సీనియర్ని కదా, చూద్దాంలే అనే హక్కు నాకుండేది.

సీజన్ మధ్యలో ఒక రోజు కోమల సెలవు పెట్టి వాళ్లమ్మతో కాణిపాకం వెళ్లింది. ఆ మధ్యాహ్నమే ఫ్యాక్టరీ వాళ్లు ఫోన్ చేశారు. మెసేజ్‌లో తెలుగు బాగా లేదట, మార్చి సాయంత్రంలోగా చూపించాలట. చిన్న పని. టెస్ట్ కాపీలో చేద్దామంటే ముందు దాన్ని తాజా చేసుకోవాలి, దానికి కాస్త సమయం పడుతుంది. ఎందుకులే అనుకున్నాను. నేరుగా లైవ్‌లోకి వెళ్లి మాటలు మార్చాను. ఎలా కనిపిస్తుందో చూద్దామని బటన్ నొక్కాను. చూపించి ఊరుకుంటుందనుకున్నాను. పంపకుండా చూసుకునే పద్ధతి వేరే ఉందని కోమల స్పష్టంగా రాసిపెట్టింది. నేను చదవలేదు. జాబితాలో ఉన్న రైతులందరికీ ఒకేసారి వెళ్లిపోయింది: రేపు మీ వంతు.

ఇంతవరకైతే పొరపాటే. ఎవరికైనా జరుగుతుంది. నన్ను నిద్రపోనివ్వనిది దీని తర్వాతది.

వెళ్లిపోయిందని నాకు కొద్దిసేపట్లోనే అర్థమైంది. అప్పుడే ఇంకో మెసేజ్ పంపి ఉండొచ్చు: పొరపాటు జరిగింది, కోయకండి. పంపితే ఆ పొరపాటు ఎవరిదని అడుగుతారు. అందుకని పంపలేదు. మార్చిన మాటలు తీసేసి పాతవే పెట్టి, ఇంకా మొదలుపెట్టలేదని ఫ్యాక్టరీకి చెప్పాను. కొందరికే వెళ్లి ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజంగా నమ్మానా? లేదు. నమ్మినట్టు కుర్చీలో కూర్చున్నాను, టీ తాగాను, ఇంటికి వెళ్లాను. ఆ సాయంత్రం బంగారుపాళ్యం తోటల్లో కోత మొదలై ఉంటుందని తెలిసీ ఇంటికి వెళ్లాను.

మర్నాడు ఓనరు నన్ను బండి మీద ఎక్కించుకుని ఫ్యాక్టరీకి పరుగెత్తాడు. గేటు దగ్గర మొదలైన ట్రాక్టర్లు హైవే దాకా ఉన్నాయి. ఫ్యాక్టరీ అంత కాయ తీసుకోలేనంది. ఎండకు పండు వాసన రోడ్డంతా కమ్ముకుంది. ఒక రైతు ఫోను నా ముఖానికి ఎదురుగా పెట్టి అడిగాడు. "రమ్మనింది మీరే కదప్పా? ఇప్పుడు వద్దంటే ఈ కాయంతా యాడ పోసేది?" ఓనరు చేతులు జోడించాడు. నేనూ జోడించాను. కొందరు కాయను రోడ్డు పక్కనే గుమ్మరించి వెళ్లిపోయారు. ఆ రైతు ఏం చేశాడో నేను చూడలేదు, ముఖం తిప్పుకున్నాను.

తిరిగొచ్చాక ఓనరు మమ్మల్ని కూర్చోబెట్టాడు. కోమల కూడా వచ్చేసింది, కాణిపాకం కుంకుమ ఇంకా నుదుటిమీదే ఉంది. ఆ మాటలు నాకు ఈ రోజుకీ పొల్లు పోకుండా గుర్తున్నాయి.

"ఎవురు చేసినారో చెప్పండబ్బా. నేనేం తల తీయను" అన్నాడు ఓనరు.

కోమల నా వైపు తిరిగింది. "అన్నా, నేను లేనప్పుడు నువ్వేమన్నా మార్చినావా ఆడ?"

"లేదమ్మా. నేను ముట్టుకోనేలేదు."

ఓనరు నవ్వాడు. "అట్లయితే ముగ్గురూ కాణిపాకం పదండి. సామి ముందర ప్రమాణం చేస్తే తేలిపోతాది."

మా జిల్లాలో తగువు తేలకపోతే ఈ మాట రావడం మామూలే. కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేయడానికి ఎంతటి మొండివాడైనా జంకుతాడు. ఓనరు సగం వేళాకోళంగానే అన్నాడు. కోమల మాత్రం నవ్వలేదు, నిజంగానే ఆలోచించింది.

"నేనొస్తాను సార్. మెసేజీలు నేను పంపలేదని ప్రమాణం చేస్తాను. కానీ నా కోడ్‌లో తప్పు లేదని ఎట్లా చేసేది? సూడకుండా చెప్పలేను కదా."

ఆ గదిలో నిజం మాట్లాడింది ఆమె ఒక్కతే. ఆ మాటనే అందరూ తప్పు ఒప్పుకున్నట్టు తీసుకున్నారు. ఓనరు తల ఊపాడు. మా మూడో అతను కిందికి చూశాడు. నేను కూడా తల ఊపాను. అవును, ఊపాను.

ఏం జరిగిందో తేల్చి రాయమని ఓనరు సీనియర్‌నైన నాకే చెప్పాడు. దొంగకే తాళాలిచ్చాడు పాపం. నేను రాశాను. మెసేజీలు పంపే భాగంలో లోపం తలెత్తడం వల్ల ఇలా జరిగిందని, ఇకపై జాగ్రత్త తీసుకుంటామని. ఎక్కడా కోమల పేరు లేదు. ఆ భాగం ఎవరిదో ఆఫీసులో తెలియనివాళ్లు లేరు కాబట్టి పేరు అక్కర్లేదు. అబద్ధం సూటిగా చెబితే ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తారు, దాన్ని ఆఫీసు భాషలో మెత్తగా రాస్తే అందరూ సంతకం పెట్టి ముందుకు సాగిపోతారు. ఆ రోజు నేను ఎంత శ్రద్ధగా రాశానో తలచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది. ఆ శ్రద్ధలో పావువంతు ముందురోజు కోమల రాసింది చదవడానికి పెట్టి ఉంటే?

తర్వాత ఆమె చేసింది చూడలేకపోయాను. లోపం ఎక్కడుందో అని తన కోడ్‌ను మొదటి నుంచి చివరిదాకా చదివేది. మళ్లీ మొదలుపెట్టేది. లేని తప్పును వెతికేది. ఒకసారి నన్నే పిలిచి, ఈడేమన్నా తేడా కనిపిస్తోందా అన్నా అని అడిగింది. నేను కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుని, కళ్లు చిట్లించి, చూస్తున్నట్టు నటించాను. సీజన్ అయ్యాక ఉద్యోగం మానేసింది. ఎవరూ పొమ్మనలేదు. తన మీద తనకే నమ్మకం పోయిందని, ఈ పని తనకు సరిపడదని చెప్పి వెళ్లింది. ఇప్పుడు నగరిలో ఇంటి మగ్గాల పని చూసుకుంటోందని విన్నాను.

ఆమె పోయాక ఆమె చెప్పినవన్నీ అమలు చేశాం. ఎవరి లాగిన్ వాళ్లకు, టెస్ట్ కాపీ విడిగా, ఇంకొకరు చూడనిదే ఏదీ లైవ్‌కు పోదు. అన్నీ నేనే దగ్గరుండి పెట్టించాను, మంచి పద్ధతులున్న మనిషినని పేరు కూడా తెచ్చుకున్నాను. ఆఫీసు పెరిగింది. అసలు నంబర్లకు ఏదైనా పంపే ముందు మా వాళ్లు ఒకరినొకరు ఒక ప్రశ్న అడుగుతారు: "కోమల చెక్ అయిందా?" ఆ పేరు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నేను కాదు. ఆపిందీ లేదు.

మొన్న కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది, కోమల అంటే ఏంటని. పక్కనున్నవాళ్లు నవ్వుతూ చెప్పారు, వెనకటికి ఇక్కడ ఒకామె ఉండేది, చూసుకోకుండా ఊళ్లకు ఊళ్లనే కదిలించేసిందని. కొత్తమ్మాయి కూడా నవ్వింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. కోమలను అసలు చూడనివాళ్లు ఆమెను చూసి నవ్వుతున్నారు. ఈ నవ్వుకు కారణం నేనే. ఇక చాలు అనిపించింది.

ఆనాటి నుంచి నేను కాణిపాకం గుడిలోకి వెళ్లలేదు. ఇంట్లో వాళ్లు వెళ్తే నేను చెప్పుల దగ్గర కాపలా కూర్చుంటాను. వెళ్లి దేవుడికి చెప్పేసుకుంటే పోతుందని కూడా అనుకున్నాను. కానీ దేవుడికి చెప్పడం సులువు. ఆయన మా ఆఫీసు గ్రూపులో లేడు.

అందుకే ఈసారి రిపోర్టు మళ్లీ రాశాను, కోమల రాసినట్టు. ఏం జరిగింది, ఎవరు చేశారు, ఎందుకు దాచారు. ప్రతి వాక్యంలో చేసినవాడి పేరుంది. అది నా పేరే. రేపు నగరి బస్సెక్కి ముందు ఆమెకు ఇస్తాను. ఆమె చదువుతుందో, నా ముఖాన కొడుతుందో, అది ఆమె ఇష్టం. క్షమించమని అడగను, అడిగితే మళ్లీ ఆమె మీదే ఒక భారం పెట్టినవాణ్ణవుతాను. సోమవారం అదే కాగితం ఓనరుకు, ఫ్యాక్టరీకి, గ్రూపులో అందరికీ వెళుతుంది. ఉద్యోగం పోతే పోనీ. సీజన్ మొదలయ్యేలోపు ఆ పేరు మీది మరక పోవాలి.

భయం ఉంది. కానీ ఇన్నేళ్లలో మొదటిసారి గొంతు కాస్త తెరిపిన పడింది.

ఒక్క సంగతి మిగిలింది. మెసేజీలు పంపే ఆ భాగం ఇప్పటికీ నడుస్తోంది. చుట్టూ అన్నీ మార్చాం, దాన్ని మాత్రం మార్చలేదు, మార్చాల్సిన అవసరం రాలేదు. నువ్వు మగ్గాల చప్పుడులో కూర్చుని ఆ తప్పు కోసం ఇంకా మనసులో వెతుకుతూనే ఉన్నావేమో. అక్కడ ఏమీ లేదు, కోమలా. నువ్వు రాసింది సరిగ్గానే ఉంది. పంపింది నేను.