తిరగబడిన తీగ, దాటిపోయిన పటాన్‌చెరు

పిల్లాణ్ణి చంకనేసుకుని గడప దాటాలంటే ఇప్పుడు నాకు వంద భయాలు (పాలసీసా మూత సరిగ్గా పెట్టానో లేదో వీధి చివరి నుంచి కూడా వెనక్కి వచ్చి చూసుకుంటాను). అలాంటి నేను ఒకప్పుడు, ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకి వెళ్తూ దిగాల్సిన ఊరినే మరిచిపోయానంటే మా ఆయన ఇప్పటికీ నమ్మరు.

బి.ఏ. అయిపోయి, టైపు నేర్చుకుని, సంగారెడ్డిలో ఇంట్లో కూర్చున్న రోజులవి. పటాన్‌చెరులో కొత్తగా పెట్టిన ఫ్యాక్టరీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. తొమ్మిదింటికి గేటు మూసేస్తారట. నాయన ముందే తేల్చేశాడు: "గీ ఒక్కసారే పంపుతున్న బిడ్డా. నౌకరి రాకుంటే ఇగ ఇంట్లనే ఉండాలె."

నేనెక్కిన పొద్దుటి బస్సుకి ఒక అలవాటు ఉండేది. మిషన్ బడిలో రిటైరైన పెద్దసారు పేపర్లోని పదాల పజిల్ ఆధారాలు పైకి చదివేవారు. పక్కన, అందరూ ‘కాకా’ అని పిలిచే గుమాస్తా గళ్లు నింపేవాడు. జవాబులు బస్సంతా చెప్పేది. ఇద్దరూ దిగేది పటాన్‌చెరులోనే కాబట్టి ఆలోపు పూర్తి కావాలని పంతం. ఆ రోజు ఒక్కటి మిగిలింది: ‘తీగ తిరగబడితే యాసంగి పంట. రెండక్షరాలు.’

"కాకర!" అంది కూరగాయల గంపతో కూర్చున్న కొండాపూర్ అవ్వ.

"గది మూడక్షరాలవ్వా."

"ఒకటి తీసెయ్యి సారూ, ఏం పోతది?"

"దొండ?" అన్నాడు కండక్టరన్న, గంట తాడు పట్టుకునే.

"తిప్పితే డదొం. గదేం పంటనే?" అని కాక విసుక్కున్నాడు. కండక్టరన్న నొచ్చుకుని, కళ్లు మూసుకుని మళ్లీ ఆలోచనలో పడ్డాడు. నాకు ఉన్నట్టుండి తట్టింది. "బీర! తిప్పితే రబీ, అంటే యాసంగే!" అని లేచి అరిచాను. బస్సంతా చప్పట్లు.

"ఉషారున్నవ్ బిడ్డా! ఏడికి పోతున్నవ్?" అంది అవ్వ.

"పటాన్‌చెరు."

అందరం కిటికీల్లోంచి చూశాం. పటాన్‌చెరు ఎప్పుడో వెనకబడిపోయింది. తాడు కండక్టరన్న చేతిలోనే ఉంది, లాగడమే మరిచిపోయాడు. నాకు ఏడుపొచ్చేసింది. అతను బస్సాపి, రోడ్డుకి అడ్డంగా నిలబడి, ఎదురొచ్చే బస్సుని ఆపి మమ్మల్ని ఎక్కించాడు. మమ్మల్ని అంటే పెద్దసారూ, కాకా నాతోనే ఫ్యాక్టరీ దాకా వచ్చారు. అప్పటికే గేటు మూసేశారు.

గొడవ విని ఆఫీసరు బయటికొచ్చాడు. పెద్దసారు పేపరు చాపి, సాక్ష్యం చెప్పినట్టు, "తప్పు మాది సార్. గీ పిల్లది కాదు. గిదిగో, నిలువు ఏడు" అన్నారు. ఆఫీసరు పేపరు వైపు కూడా చూడలేదు.

"వీళ్లు రోజూ నీ వెంట వస్తరా?"

నేను లేదనేలోపే కాక ముందుకొచ్చాడు. "అవసరమైతే వస్తం సార్!"

నా పని అయిపోయిందనుకున్నాను. ఆఫీసరు నవ్వాపుకుంటూ, "వద్దు. ఇద్దరూ ఇంటికి పోండి. నువ్వు లోపలికి రా" అన్నాడు. టైపు కొట్టి చూపించాను. ఉద్యోగం వచ్చింది.

ఇప్పుడు పిల్లాడితో ఆ బస్సెక్కితే పటాన్‌చెరుకి ముందొచ్చే ఇస్నాపూర్ దగ్గరే లేచి నిలబడతాను. "కూసో అక్కా, ఇంక దూరమున్నది" అంటాడు ఇప్పటి కండక్టరు. కూర్చోను. అయినా వెనక సీట్లో ఎవరైనా "అడ్డం మూడు" అంటే చెవి అటే పోతుంది. ఊరు దాటిపోయిందని తెలియకుండా, సంతోషంతో అరిచిన ఆ పిల్ల ఇంకా అక్కడే కూర్చుని ఉంటే, స్టాపు వచ్చిందని నేను మాత్రం చెప్పను.