వైతరణికి బూట్లు

పన్నెండో రోజు దానాల్లో చెప్పులూ చేతికర్రా ఎందుకుంటాయో మన ఈడువాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. పోయినవాళ్ళు ముళ్ళదారి నడవాలి, వైతరణి నది దాటాలి. మొన్న మా బావ పోయాక దానాల సంగతి మాట్లాడుకుంటూ ఉండగా అక్క నన్ను పక్కకు పిలిచింది. "ఆయన ఏనాడైనా సేతికర్ర పట్టాడేట్రా? పడితే ఆ గాలం కర్రే. అదే కొత్తది తే. నీట్లో దిగే బూట్లు కూడాను. మంచివి సూసి తే" అంది. పురోహితుడు కాదనలేదు. ఫోను తెరిస్తే వందల కర్రలు, వందల బూట్లు కనిపించాయి. ఏది మంచిదో చెప్పగలిగిన మనిషి ఒక్కడే, ఆయన లేడు.

నిజానికి మొదట్లో ఆయనకూ చేతకాలేదు. మాది బరంపురంలో పట్టుచీరల వ్యాపారం చేసుకునే కుటుంబం, ఇంట్లో గుడ్డు కూడా ఉడకదు. బావ కూడా అలాంటి ఇంటివాడే. అలాంటి మనిషికి చేపల మీద ఈ మోజు ఎలా పుట్టిందో నాకు ఈనాటికీ అంతుపట్టదు. తినడు, అమ్మడు; పట్టి, చేతుల్లో కాసేపు చూసుకుని, నీళ్ళల్లో వదిలేసేవాడు. పండుగప్ప అంటే మరీ ఇష్టం.

సరుకు కోసం కలకత్తా వెళ్ళినప్పుడు ఒక పాత దుకాణంలో ఇద్దరం కలిసి ఆ మొదటి కర్ర కొన్నాం. ఈకలతో ఈగలాగా కట్టిన ఎరను దూరంగా విసిరే కర్ర అది. దుకాణదారు రెండు రకాలు ముందు పెట్టి, సన్నది కొండవాగుల్లో చిన్న చేపలకనీ, పండుగప్ప లాంటి పెద్దదానికి లావుది కావాలనీ నచ్చజెప్పాడు. మా వ్యాపారంలో ఒకటి వద్దన్నవాడు రెండోది అంటగట్టడానికే అంటాడని చిన్నప్పటి నుంచి విని పెరిగినవాళ్ళం కదా, నమ్మలేదు. బావ కళ్ళు మూసుకుని, పోగు నాణ్యం చూసినట్టు రెండు కర్రలనూ వేళ్ళ మధ్య జార్చి చూసి, ఏది సన్నగా, మెత్తగా ఉందో అదే తీసుకున్నాడు. బూట్లూ అంతే. అడుగున దళసరి ఉన్ని అంటించిన జత ఎంచుకున్నాడు. అది పాచిరాళ్ళ మీద జారకుండా ఉండడానికని మాకేం తెలుసు?

గంజాం దగ్గర ఋషికుల్య సముద్రంలో కలిసేచోట రాళ్ళు లేవు, బురదే. పండుగప్ప ఎర అందుకున్న ఆ పొద్దున కర్ర రెండు ముక్కలైంది, ఒక బూటు బురదలో ఉండిపోయింది. పడవలో వెళ్తున్న ఒకాయన చూసి, "ఏటి సేటూ, పండుగప్పకి పట్టుచీర సూపిత్తన్నావేటి?" అన్నాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది బావే. ఒంటి బూటుతో ఇంటికొస్తే అక్క పెరటి గుమ్మంలోనే ఆపేసింది. "తిన్నోళ్ళ కంటే నువ్వే ఎక్కువ కంపు కొడతన్నావు. తానం సేసి రా. అయినా పట్టి ఏటి సేస్తావు దాన్ని?" "సూసి ఒగ్గేస్తానే" అన్నాడు బావ. ఆ తరువాత కూడా దుకాణం మూసిన ప్రతి సెలవునాడూ అక్క అన్నం పెట్టుకుని ఎదురుచూసేది, ఆయన చీకటిపడే దాకా నదిలోనే ఉండేవాడు.

ఇప్పుడు నేను లావు కర్రే ఎంచాను, ఇబ్బంది లేకుండా. బూట్ల దగ్గరే ఆగిపోయాను. ఉన్ని అడుగువి రాళ్ళకు, గట్టిగా బిగించి కట్టేవి బురదకు. సిగ్గు విడిచి పురోహితుణ్ణి అడిగాను, వైతరణి అడుగున రాయి ఉంటుందా, బురద ఉంటుందా అని. "నీళ్ళ గురించి ఉంది గానీ, అడుగు గురించి చదివినట్టు లేదు బాబూ" అన్నాడాయన, నవ్వకుండా. రెండు జతలూ తెప్పించాను.

అక్క వాటి పక్కన కూర్చుని చాలాసేపు చూసింది. కర్రను వంచి చూసింది, బూటులో చేయి పెట్టి చూసింది. "ఇవి వొద్దురా తమ్ముడూ" అంది చివరికి. "ఇవిస్తే ఆయన ఆ నది దాటడు. మద్దెలో నిలబడిపోతాడు. మామూలు సెప్పులు తే, ఎల్లిపోతాడు."

బజారుకు వెళ్ళి తోలు చెప్పులూ బెత్తం కర్రా తెచ్చాను. దానం జరిగిపోయింది. జీవితమంతా ఆయన నది వదిలి ఇంటికి రావాలని కోరుకున్న అక్క, ఇప్పుడు ఆయన్ని ఏ ఒడ్డుకు పంపిస్తోందో తెలిసే ఆ మాట అందా? నాకు తెలియదు, అడగలేదు.

కర్రా, రెండు జతల బూట్లూ నా గదిలో ఉన్నాయి. వెనక్కి పంపుదామంటే కారణం చెప్పమంటోంది ఫోను: కొలత సరిపోలేదా, సరుకు బాగాలేదా, మనసు మారిందా? బావ దుకాణంలో చీర వెనక్కి తెచ్చినవాళ్ళను కారణం అడిగే అలవాటు ఉండేది కాదు. కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చి, చీర మడత పెట్టి లోపల పెట్టేవాళ్ళం. ఎవరి ఇంట్లో ఏం జరిగిందో మనకెందుకురా అనేవాడు బావ. ఫోను మాత్రం మూడింట్లో ఒకటి నొక్కితే గాని కదలనంటోంది. ఏది నొక్కినా అబద్ధమే అవుతుందని ఊరుకున్నాను.