మోసెల్ ఒడ్డున పెనుబల్లి డ్రైవరు

పెనుబల్లిలో యోనాలు ముగ్గురు నలుగురు ఉన్నారు గాని డ్రైవరు యోనా ఒక్కడే. ముప్పై రెండేండ్లు ఆర్టీసీ బస్సు తోలాడు. సగం సర్వీసు సత్తుపల్లి డిపోలో, మిగతా సగం భద్రాచలం అవతల అడవి రూట్లలో. ఆయన బస్సు కింద కోడిపిల్ల కూడా పడలేదని జనం చెప్పుకుంటారు. అది కొంచెం ఎక్కువే. కోడిపిల్లలు రెండు పడ్డాయని, రెండుసార్లూ బండి ఆపి దిగి ఆ ఇంటావిడకు చెప్పి వచ్చానని ఆయనే ఒప్పుకుంటాడు. మనిషికి మాత్రం గీత పడలేదు.

ఒక వానాకాలం చర్ల దారిలో వాగు పొంగింది. బస్సు నిండా జనం. ముందు ఒక జీపు నీళ్లలో దిగి అవతలకి పోయింది కూడా. "జీపు పోయింది, నీకేమాయె, నువ్వూ పోనియ్" అని అందరూ కేకలు. యోనా ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, రోడ్డు పక్కన రాయి మీద కూర్చున్నాడు. కండక్టరు బొజ్జయ్య ఆ చుట్టుపక్కల పుట్టిన కోయ మనిషి. ఆ వాగు గుణం ఆయనకూ తెలుసు. ఇద్దరూ మూడు గంటలు తిట్లు తిన్నారు. నీళ్లు తీశాక చూస్తే, అవతలి ఒడ్డున రోడ్డు సగమే మిగిలింది. జీపు సన్నది గనక ఆ మిగిలిన సగం మీద పోయింది. ఈ కథ బొజ్జయ్య ఇప్పటికీ దొరికిన ప్రతివాడికీ చెబుతాడు. యోనా నోటినుంచి ఎవరూ వినలేదు.

అట్లాంటి మనిషి రిటైరైన మూడేండ్లకు, తన అరవై మూడో ఏట, ఇద్దరు చిన్నపిల్లలను వెంటబెట్టుకుని యూరప్ వెళ్లాడు.

కూతురు మహిమ నర్సు. ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పనిచేస్తూనే జర్మన్ భాష నేర్చుకుంది. పరీక్ష పాసై, ఏడాదిన్నర కిందట కొలోన్ నగరానికి దగ్గర్లో ఒక ఊరి ఆస్పత్రిలో చేరింది. భర్త ప్రభు సత్తుపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ లారీ నడుపుతాడు. పిల్లల్లో హెప్సిబాకు తొమ్మిదేండ్లు, లాలుకు నాలుగు. ఎండాకాలం సెలవులకు పిల్లలను పంపమని మహిమ ఏడ్చినంత పని చేసింది. ప్రభుకు అన్ని రోజులు లీవు దొరకలేదు. యోనా భార్య మరియ ఒకే మాట చెప్పింది: "డ్రైవరు మొహం కనపడని బండి నేనెక్క." ఇక మిగిలింది యోనా.

విమానంలో లాలు రెండుసార్లు కక్కాడు. హెప్సిబా మూడుసార్లు ఏడ్చింది. యోనా ఏమీ కంగారుపడలేదు. నైట్ అవుట్ డ్యూటీల్లో అడవి ఊళ్లలో బస్సులోనే పడుకుని లేచినవాడు, కక్కులు కడిగినవాడు. తడిగుడ్డ, ప్లాస్టిక్ కవరు, నిమ్మకాయ, మూడూ పై జేబులోనే ఉన్నాయి.

మహిమది ఒక గది, ఒక చిన్న వంటిల్లు. వచ్చిన మర్నాడే గట్టిగా చెప్పింది.

"నాన్నా, నేను డ్యూటీల ఉన్నప్పుడు ఎదురుంగ పార్కు దాటి పోవద్దు. నీకు భాష రాదు. పిల్లలు చిన్నోళ్లు. ఎటన్న తప్పిపోతే నేనేం చేయాలె?"

"అట్లనే బిడ్డా" అన్నాడు యోనా. అన్నమాట ప్రకారం నాలుగు రోజులు పార్కులోనే ఉన్నాడు.

అయిదో రోజుకు లాలు ఆ పార్కు జారుడుబల్లను అరగదీసేశాడు. ముగ్గురూ గేటు దగ్గర బస్టాపులో కూర్చుని వచ్చే పోయే బండ్లు చూస్తున్నారు. ఒక తల్లి పసిబిడ్డను తోపుడుబండిలో పెట్టుకుని నిలబడి ఉంది. బస్సు వచ్చి ఆగింది. ఆగిన బస్సు ఉస్సుమని గాలి వదిలి, ఒకపక్కకు ఒరిగి, మెట్టు నేలకు ఆనేంత కిందికి దిగింది. తల్లి ఎవరి సాయమూ అడక్కుండా బండిని తోసుకుంటూ లోపలికి వెళ్లింది. బస్సు మళ్లీ లేచి నిలబడింది.

"తాతా, బస్సు కూసుంది!" అని లాలు చప్పట్లు కొట్టాడు.

యోనా ముందుకు వంగి ఆ మెట్టునే చూశాడు. చర్ల రూట్లో నిండు గర్భిణులు కమ్మీ పట్టుకుని, ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు మట్టిలో పెట్టి, వెనకనుంచి ఇద్దరు తోస్తే ఎక్కేవాళ్లు. ఆయనా బొజ్జయ్యా ఎంతమందికి చేయిచ్చి లాగారో లెక్కలేదు. బస్సే వంగుతుందని, అట్లా వంగే బస్సు ఒకటి చేయవచ్చని ఆయనకు ఎన్నడూ తట్టలేదు.

ఆ సాయంత్రం మహిమ రాగానే చెప్పాడు: "నీ పార్కు అయిపోయింది బిడ్డా. రేపు నాలుగు స్టాపులు పోయొస్తం."

"నాన్నా..."

"తెల్వని రూటు నాకు కొత్తనా? డ్రైవరు వెనక సీట్ల కూసుంట. చివరి స్టాపు దాకా పోత. అదే బండిల తిరిగొస్త. రూటు నేర్సుకునుడంటే గంతే."

మహిమ ఒక ఫోను ఆయన మెడలో తాడుతో కట్టింది. ఇద్దరు పిల్లల చొక్కాల లోపల తన నంబరు రాసిన గుడ్డముక్కలు కుట్టింది. నాలుగు స్టాపులు మర్నాటికి పది అయ్యాయి. వారం తిరిగేసరికి కొలోన్ నగరంలో ట్రాములు ఏది ఎటు పోతుందో యోనాకు రంగును బట్టి తెలిసిపోయింది. అక్షరాలు చదవడం హెప్సిబా పని. దారి గుర్తుపెట్టుకోవడం ఆయన పని. ఉచ్చ వస్తుందని ముందే చెప్పడం లాలు పని. లాలు ఒక్కడే తన పని సరిగ్గా చేయలేదు.

కొలోన్ పెద్ద చర్చి గోపురం ఎక్కారు. అయిదువందల ముప్పై మూడు మెట్లు. హెప్సిబా లెక్కపెడుతూ ఎక్కింది. లాలు వంద దాకా నడిచి, తాత భుజాలెక్కాడు. యోనా మూడుచోట్ల ఆగాడు గాని దిగిపోదామనలేదు. పైన గాలికి నిలబడి, కింద రైన్ నది మీద పడవలు అగ్గిపెట్టెల్లా పోతుంటే చాలాసేపు చూశారు.

"దీన్ని ఆరువందల యేండ్లు కట్టిన్రంట తాతా" అంది హెప్సిబా.

"మన చర్చికి శ్లాబు పడనీకి పదకొండేండ్లు పట్టింది. దీన్ని చూస్తే వీళ్లు జల్దీ కట్టినట్టే" అన్నాడు యోనా. కిందికి వచ్చాక రంగుటద్దాల వెలుగులో ఒక బల్ల మీద ఇద్దరినీ చెరోపక్క కూర్చోబెట్టుకుని, గొంతు తగ్గించి తెలుగులో ప్రార్థన చేశాడు. పని పూర్తికావడం తాము చూడకపోయినా రాయి మీద రాయి పెట్టి పోయిన తాపీమేస్త్రీల కోసం కూడా ఒక మాట కలిపాడు.

మహిమకు నాలుగు రోజుల సెలవు దొరికితే అందరూ పారిస్ పోయివచ్చారు. ఈఫిల్ టవర్ దగ్గరికి చేరేసరికి లాలు నిద్రపోయాడు. వాడిని ఎత్తుకుని యోనా కిందనే ఉండి, తల్లీకూతుళ్లను పైకి పంపించాడు. తలెత్తి ఆ ఇనుమును చూస్తూ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఆయన్ని నిలబెట్టేసింది మాత్రం మర్నాడు చూసిన విజయ తోరణం. పన్నెండు రోడ్లు వచ్చి దాని చుట్టూ ఒకే గుండ్రం చౌరస్తాలో కలుస్తాయి. నేల మీద గీత లేదు. ఆ గుంపులోకి ఒక పొడుగాటి బస్సు తొణక్కుండా దిగి, ఒక చుట్టు తిరిగి, కావలసిన రోడ్డులోకి వెళ్లిపోయింది.

"ఇక్కడ తోలెటోనికి దండం పెట్టాలె" అన్నాడు. నిజంగానే చేతులు జోడించాడు. ఆ డ్రైవరు ఆయన్ని చూడలేదు.

జూన్ మొదట్లో ఒక శనివారం. మహిమకు పొద్దటి డ్యూటీ. మోసెల్ నది ఒడ్డున కొండమీద కోట ఉన్న ఒక చిన్న ఊరికి తాతా, పిల్లలూ రైల్లో వెళ్లారు. కోట చూశారు, ఒడ్డున కూర్చుని పులిహోర తిన్నారు, బాతులకు పెట్టారు. తిరిగి వద్దామని స్టేషనుకు వస్తే రైలు లేదు. పట్టాల పని జరుగుతోంది, బదులుగా బస్సు వేశారు. యోనాకు లోలోపల సంతోషమే అయింది.

డ్రైవరు ముప్పై ఏండ్ల అమ్మాయి. నదివెంట కొంతదూరం పోయాక ఒక ఊరిముందు పెద్ద చెట్టు విరిగి రోడ్డుకు అడ్డం పడి ఉంది. మనుషులు రంపాలతో కోస్తున్నారు. అక్కడున్న ఒకతను పక్కదారి చూపించాడు. ఆ దారి ఊరి మధ్యకు తీసుకుపోయింది. రెండువైపులా కర్రదూలాల పాతకాలపు ఇళ్లు, కిటికీల కింద పూలతొట్లు. సందు సన్నబడుతూ పోయి, ఒక రాతిగోడ ముందు బస్సు ఆగిపోయింది. ముందుకు దారి లేదు. వెనక్కి రెండువందల గజాలు, మధ్యలో ఒక మలుపు.

డ్రైవరమ్మ మైకులో ఏదో అంది. జర్మన్ మాటలు అర్థం కాకపోయినా, ఆ గొంతు యోనాకు అర్థమైంది. వెనక ఎవరో ఒకరు నిలబడి చూడకుండా ఆమె బండిని వెనక్కి తీయదు. అది మంచి డ్రైవరు లక్షణం. ఒక కుర్రవాడు దిగాడు గాని, ఒక చేత్తో రమ్మని, రెండో చేత్తో ఆగమని చూపించాడు. బస్సు మూల ఒక పూలతొట్టికి వేలెడు దూరంలో ఆగింది. ఆమె బ్రేకు మీదనుంచి కాలు తీయలేదు.

యోనా లేచాడు. "హెప్సీ, తమ్ముణ్ని పట్టుకుని ఇక్కడే కూసో. ఏమైనా దిగొద్దు. ముందుగాల ఆమెకు నా సంగతి చెప్పు."

హెప్సిబా ముందుకు వెళ్లి, బడిలో నేర్చిన ఇంగ్లీషులో, మా తాత బస్సు డ్రైవరు, ముప్పై రెండేండ్లు తోలాడు అని చెప్పింది. ఆమె యోనాను పైనుంచి కిందికి చూసింది. నెరిసిన మీసం, అరచేతుల కాయలు. ఏం కనిపించిందో, తలూపింది. యోనా చేయి పైకెత్తి పిడికిలి బిగించాడు: ఆగు. రెండు అరచేతులు తనవైపు ఊపాడు: రా. ఆమె మళ్లీ తలూపింది.

దిగి, ముప్పై రెండేండ్ల అలవాటున కుడిపక్కకు పోయి నిలబడ్డాడు. అంతలోనే నాలిక కరుచుకున్నాడు. ఇక్కడ స్టీరింగు ఎడమపక్క. తను ఆమె అద్దంలో కనపడకపోతే ఎన్ని సైగలు చేసినా దండగ. గబగబ ఎడమకు మారి, అద్దంలో ఆమె కళ్లు దొరికేదాకా కదిలి, అక్కడ కాళ్లు నిలదొక్కుకున్నాడు.

"రానియ్!"

బస్సు కదిలింది. సైగలతోపాటు నోరు దానంతటదే తెరుచుకుంది. "రానియ్, రానియ్, కొంచెం లెఫ్టు కొట్టు, చాలు, సీదా... రానియ్..." మలుపు దగ్గర గోడకు, బస్సుకు మధ్య జానెడు. యోనా పిడికిలి బిగించాడు. బస్సు అక్కడికక్కడ ఆగింది. ఆయన వంగి వెనక చక్రం చూశాడు, అటుపక్కకు పరుగెత్తి పూలతొట్టి చూశాడు, మళ్లీ అద్దంలోకి వచ్చాడు. ఆమె ఎదురుచూసింది. తొందరపెట్టలేదు, తొందరపడలేదు. అరడుగు ముందుకు, రెండడుగులు వెనక్కి, అట్లా ఆరేడుసార్లు. ఇళ్ల కిటికీలు తెరుచుకున్నాయి. ఒక ముసలామె తన పూలతొట్టిని తనే లోపలికి తీసుకుంది. మలుపు దాటింది. తరవాతదంతా సీదా దారి.

పెద్దరోడ్డు మీదికి రాగానే బస్సులో అందరూ చప్పట్లు కొట్టారు. యోనా చెమట తుడుచుకుని లోపలికి రాగానే డ్రైవరమ్మ లేచి నిలబడి చేయి కలిపింది. "రానియ్" అంది నవ్వుతూ. సగం దారిలోనే ఆమెకు ఆ మాట పట్టుబడిందట.

"మంచిగ తోలినవ్ బిడ్డా. చెయ్యి వణకలే" అన్నాడు యోనా తెలుగులోనే. ఆమె కళ్లు తుడుచుకుంది. చెట్టు తీసి దారి వదిలేదాకా అక్కడే ఆగి, ఆమె బండిని స్టేషనుకు చేర్చింది. అందరూ దిగాక తన సీటు చూపించి యోనాను కూర్చోమంది. లాలును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. క్లచ్ లేదు, గేరు కర్ర లేదు. ఎడమకాలు పని లేక వెతుక్కుంది. రెండు చేతులూ చక్రం మీద పెట్టాడు గాని తిప్పలేదు. రిటైరైన రోజు తరవాత డ్రైవరు సీట్లో కూర్చోవడం అదే.

ఇంటికి చేరేసరికి రెండు గంటలు ఆలస్యమైంది. మహిమ గుమ్మంలోనే ఉంది. కోప్పడదామని నోరు తెరిచింది గాని, హెప్సిబా ఊపిరి తీసుకోకుండా కథంతా చెప్పేసింది. చెప్పులైనా విప్పని తండ్రి దగ్గర మహిమ కింద కూర్చుంది.

"నాన్నా, నేనిక్కడికి వచ్చి యాడాదిన్నరాయె. రోజూ ఎవర్నో ఒకర్ని అడుగుడే. ఇదేంది, అదేంది, మళ్ల చెప్పున్రి అని. నాకేమీ రాదేమో అనిపిస్తది. నువ్వు పొయ్యి వాళ్లకే చెప్పొచ్చినవ్."

"నాకేమొచ్చు బిడ్డా? ఆ పిల్ల తోలింది. నేను చూసిన. నువ్వూ గట్లనే చూసుకుంట పో. చేతికొచ్చిన పని ఏడికీ పోదు" అని, యోనా కూతురి తలమీద చేయి పెట్టాడు.

ఆ సంగతి మహిమ ఆస్పత్రికీ చేరింది. అక్కడ వేరే దేశాలనుంచి, కేరళనుంచి వచ్చిన నర్సులు ఉన్నారు. శని ఆదివారాలు డ్యూటీ పడితే పిల్లలను ఏం చేయాలో తెలియనివాళ్లే అందరూ. మొదట ఒకామె తన కొడుకును యోనా వెంట పంపింది, మరుసటి వారం ఇంకో ఇద్దరిని ఇంకొకామె. చివరి ఆదివారం అయిదుగురు పిల్లలకు యోనా చాక్లెట్ మ్యూజియం చూపించి, నది దాటించి, ఎవరి తలుపు దగ్గర వాళ్లను దింపాడు. ఏ పిల్ల ఏ భాష మాట్లాడినా ఆయన తెలుగులోనే బదులు చెప్పాడు. ఎవరూ పేచీ పెట్టలేదు.

శంషాబాద్‌లో దిగేసరికి పట్టపగలు. ప్రభు కిరాయి కారుతో వచ్చి ఎదురుచూస్తున్నాడు.

"ఇద్దరు పిల్లలు, నాలుగు బ్యాగులు. సరిచూసుకో అల్లుడా" అన్నాడు యోనా, డ్యూటీ అప్పగించినట్టు.

"ఎట్లుంది మామా, యూరపు?"

"మంచి డ్రైవర్లున్నరు" అన్నాడు. ఇంకా చెప్పాలనే ఉన్నట్టుంది గాని, కారు సూర్యాపేట చేరకముందే తల వెనక్కి వాల్చి గురకపెట్టాడు. యాభై రోజుల్లో పిల్లలు మెలకువగా ఉండగా ఆయన కన్ను మూతపడడం అదే మొదటిసారి అని హెప్సిబా తండ్రికి మెల్లగా చెప్పింది. ప్రభు కారు డ్రైవరుతో పాట ఆపించి, మెల్లగా పోనిమ్మన్నాడు.