సిమెంటు రోడ్డులో రాట గుంతలు

పర్మిషన్ అనే మాట నా నోట్లోంచి రాగానే బాపు ముద్ద కలపడం ఆపేశాడు.

“ఎవలను అడుగుతవ్?” అన్నాడు.

పోలీస్ స్టేషన్లో, మున్సిపాలిటీలో అన్నాను. దసరా పోయాక వచ్చే ఆదివారం మా వీధి వీధంతా ఒక్క పందిరి కింద కూర్చుని అన్నం తినాలని మేం ఆడవాళ్లం అనుకున్నాం. సద్దుల బతుకమ్మ నాడు ఒకరి సద్ది ఒకరం పంచుకుంటుంటే పుట్టిన ఆలోచన అది. ఒక్క పూట రోడ్డు మూస్తే చాలు. నల్గొండలో ఆఫీసుకు రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని కాబట్టి దరఖాస్తు పని నేనే మీదేసుకున్నాను. కాగితం లేకుండా జరిగిన పని నాకు జరిగినట్టే అనిపించదు.

బాపు చేయి కడుక్కుని మగ్గం గుంతలోకి దిగాడు. ఆ రోజు మగ్గం చప్పుడు మామూలు కంటే గట్టిగా వినబడింది.

మాది నేతగాళ్ల వీధి. మగ్గం ఇంట్లో పడుతుంది గానీ గజాల కొద్దీ పొడవుండే నిలువు పోగుల పడుగు పట్టదు. పొద్దున్నే వీధి పొడవునా దాన్ని రాటలకు గుంజి కట్టి, గంజి పెట్టి, ఎండ ముదరకముందే కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. అంతసేపూ వీధి మూసినట్టే. పాలవాడు బండి దిగి పక్క సందులోంచి పోతాడు. పడుగును దాటకూడదు, దాని కింద దూరకూడదు అని మాకు నడక వచ్చేటప్పుడే చెప్తారు. తెలంగాణ వచ్చాక మా వీధికి సిమెంటు రోడ్డు వేస్తుంటే అందరూ సంబరపడ్డారు. బాపు మాత్రం రాటలు నిలిపే చోటల్లా తడి సిమెంటులో పైపు ముక్కలు పెట్టించి, గట్టిపడేదాకా అక్కడే కాపలా కూర్చున్నాడు. ఆ గుంతలకు చెక్క బిరడాలు కూడా ఆయనే చెక్కాడు. పడుగు పని ఉంటే తీస్తాడు, అయిపోగానే మళ్లీ బిగిస్తాడు. ఇప్పుడు పడుగు పరిచే ఇళ్లు మాతో కలిపి మూడో నాలుగో మిగిలాయి.

దరఖాస్తు మీద సంతకాల కోసం ఇల్లిల్లూ తిరిగాను. అన్నం అంటే సై అన్నవాళ్లే సంతకం అనేసరికి చేతులు వెనక్కి పెట్టుకున్నారు. వరుసకు పెద్దమ్మ అయ్యే ఒకావిడ, నేను అడగకముందే తన ఆధార్ కార్డు పోయిందని చెప్పింది. నేను కౌన్సిలర్ సీటుకు నిలబడబోతున్నానని నాకే తెలియని సంగతి ఎదురింటివాళ్లు చెప్పారు. అన్నం పెట్టి ఓటు అడిగేవాళ్లను చాలామందిని చూశామన్నారు. నాకు ఒళ్లు మండింది. పుణ్యానికి పోతే పాపం ఎదురైందని అమ్మ దగ్గర గొణిగాను.

అడగంగానే సంతకం పెట్టింది ఒక్కడే. వీధి చివర కొత్తగా రెండంతస్తులు కట్టుకున్న ప్లాట్ల వ్యాపారి. కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. ఇకముందు ఇట్లా రోడ్డు మూయబోమని ఒక హామీ కూడా రాసిస్తే పర్మిషన్ జల్దీ వస్తుందని సలహా చెప్పాడు. దరఖాస్తు జిరాక్స్ ఒకటి తనకూ ఇమ్మన్నాడు. ఇంటికొచ్చి, చదువుకున్నవాళ్లు వేరేగా ఉంటారని గొప్పగా చెప్పాను.

“పడుగు వరిస్తే కారు హారన్ ఆపకుంట కొట్టేటాయన, గియ్యాల నీకు చాయ వోసిండా?” అన్నాడు బాపు. కుంచెలో పట్టిన గంజి వేళ్లతో తీస్తూ, నా వైపు చూడకుండానే అన్నాడు.

అప్పటిదాకా తియ్యగా ఉన్న చాయ్ నోట్లో చేదయింది. జిరాక్స్ ఎందుకు అడిగాడు?

స్టేషన్లో కూర్చున్న సారు మర్యాదగానే మాట్లాడాడు, కానీ ఆయన అనుమానం ఆయనది. డీజే ఉందా, ఏ పార్టీ, వెనక ఎవరున్నారు అని అడిగాడు. ఉట్టిగా అన్నం తినడానికేనా అని మళ్లీ మళ్లీ అడిగాడు. చివరికి పెన్ను పక్కన పెట్టి, “ఇంతకుముందు ఎన్నడన్నా గీ రోడ్డు మూసిండ్రా?” అన్నాడు.

నాలుక కొసదాకా వచ్చింది. మొన్న పొద్దున్నే మూశాం సార్, మా తాత కాలం నుంచీ మూస్తూనే ఉన్నాం. అట్లా చెబితే ఎవరి పర్మిషన్‌తో అని అడుగుతాడు. లేదు అంటే అబద్ధం. బతుకమ్మకు ఆడతాం సార్ అని నీళ్లు నమిలాను. ఆయన రాసుకుని, అందరూ ఇచ్చే హామీపత్రమే అంటూ ఒక నమూనా నా ముందు పెట్టాడు. ఇది ప్రజల రోడ్డు, ఇకముందు అనుమతి లేకుండా ఏ పనికైనా సరే దీన్ని మూయము, వీధివాళ్లందరి తరఫున ఒప్పుకుంటున్నాను అని ఉంది అందులో. ఆయన తప్పేమీ లేదు. నేను మాత్రం ఇంట్లో అడిగి సంతకం పెడతానని కాగితం తెచ్చేశాను.

బాపుకు చదివి వినిపించాను. ‘ఏ పనికైనా సరే’ అన్నచోట ఆపి, మళ్లీ చదవమన్నాడు.

“అడగనన్ని దినాలు గది మన వాకిలి బిడ్డా. అడిగిన్నాడు రోడ్డయితది. రేపు పొద్దుగాల పడుగు వరిస్తే గీ కాగితమే నా ముంగట వెడతరు. గప్పుడు నేను యాడ గంజి వెట్టాలె?”

నాకు కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. మరుసటి రోజు పోయి దరఖాస్తు వెనక్కి తీసుకున్నాను. ఇచ్చినప్పటి కంటే వాపసు తీసుకుంటున్నప్పుడే ఆ సారు నన్ను ఎక్కువ అనుమానంగా చూశాడు.

ఇక విందు లేదనుకున్నాను. ఆదివారం ఎండ నెత్తికెక్కే వేళ బాపు అటక మీద నుంచి పాత పడుగు ఒకటి దించాడు. పోగులు తెగి నేతకు పనికిరాని పడుగు. బిరడాలు తీసి, రాటలు నిలిపి, వీధి ఈ చివర నుంచి ఆ చివరదాకా దాన్ని గుంజి కట్టాడు. ఏ నేతగాడూ ఆ ఎండలో పడుగు పరవడు. అది మా వాళ్లందరికీ తెలుసు. ఆటోవాళ్లకు తెలియదు. పడుగు చూసి వచ్చినదారినే మళ్లిపోయారు.

పడుగుకు అటొక బంతి, ఇటొక బంతి కూర్చున్నాం. ఇంటికో గిన్నె చొప్పున బగారన్నం, వంకాయ కూర, పచ్చిపులుసు వచ్చాయి. ఆధార్ కార్డు పోయిన పెద్దమ్మే అందరికంటే ముందు విస్తరి వేసుకుంది. కాసేపటికి వ్యాపారి కారు వచ్చి వీధి మొదట్లో ఆగి హారన్ కొట్టింది. బాపు లేచి పోయాడు.

“బండి ఆడ వెట్టి రా సారూ, అన్నం చల్లారుతది” అన్నాడు.

ఆయన వచ్చి కూర్చుని తిన్నాడు. తింటూ తింటూ, పర్మిషన్ వచ్చిందా అమ్మా అని నన్ను మెల్లగా అడిగాడు. పచ్చిపులుసు వేయమంటారా అన్నాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆ వారంలోనే ఒక పొద్దున బాపు అసలు పడుగు బయటికి తెచ్చాడు. మా గుమ్మం ముందున్న రాట గుంత దగ్గర వంగి, అలాగే ఉండిపోయాడు. బిరడా లేదు, గుంత లేదు. కొత్త సిమెంటు, తాపీతో నున్నగా సాపు చేసి ఉంది. పక్కది కూడా అంతే.

ఎవరూ ఏమీ చూడలేదన్నారు. మున్సిపాలిటీవాళ్లేమో అని ఒకరన్నారు. నా కళ్లు వీధి చివరి మేడ మీదికి పోయాయి. వీధివాళ్ల కళ్లు మాత్రం నా మీదే ఉన్నాయి. స్టేషన్ దాకా పోయి వీధి సంగతి చెప్పొచ్చింది నేనే కదా. ఎవరు పూడ్చారో ఈ రోజుకీ తెలియదు. నా అనుమానం మాత్రం పోలేదు.

బాపు లోపలికి పోయి ఉలి, సుత్తి తెచ్చుకుని గుంత ముందు కూర్చున్నాడు.

“గిప్పుడు దీనికి ఎవలను అడుగుదాం బిడ్డా?” అన్నాడు.

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగాడు. నాకు ఏడుపొచ్చింది.

అమ్మ గంజి ఎండిపోకుండా తడిగుడ్డ కప్పింది. నల్గొండ బస్సు టైము అయింది. నేను బ్యాగు అరుగు మీద పడేసి, పక్కింట్లోంచి ఇంకో ఉలి అడిగి తెచ్చుకుని రెండో గుంత దగ్గర కూర్చున్నాను. ఆ రోజు ఆఫీసుకు సెలవు చీటీ కూడా పంపలేదు.