ఖాదర్ సార్‌ను అనుమానించిన రెండేళ్ళు

మొన్న ఉదయం అలిపిరి దగ్గర టీ కొట్టులో నిలబడి ఉన్నాను. అల్లం మరుగుతున్న ఘాటు ముక్కుకు తగులుతోంది. కొట్టాయన బిస్కెట్ల సీసాకు ఆనించిన ఫోన్‌లో ఒక రాజకీయ విశ్లేషకుడు గొంతు చించుకుంటున్నాడు. ఏ నాయకుడు ఏ పార్టీలోకి దూకబోతున్నాడో, లోపలి గదిలో ఎవరు ఎవరితో ఏమన్నారో, మంచం కింద దాక్కుని విన్నట్టు చెబుతున్నాడు. పక్కనే ఉన్న ఆటో డ్రైవర్ నన్ను గుర్తుపట్టి, "అక్కా, నువ్వు ఆ లైన్లోనే గదా ఉండేది? ఇదంతా నిజమేనా?" అని అడిగాడు. "తనకు ఎవరు చెప్పారో ఆయన చెప్పలేదు కదా" అన్నాను. ఆ మాట నాది కాదని నోట్లోంచి వచ్చాక తెలిసింది. అది ఖాదర్ సార్ మాట.

నేను తిరుపతిలో ఒక దినపత్రికలో చేరినప్పుడు జిల్లా పేజీలు ఆయన చేతిలో ఉండేవి. చిత్తూరులో బట్టలు కుట్టే కుటుంబంలో పుట్టిన మనిషి. అందరూ స్మార్ట్‌ఫోన్లు గీకుతుంటే ఆయన దగ్గర మాత్రం బటన్ల ఫోన్ ఉండేది. చేరిన మొదటి వారం ఒక నీటి ఎద్దడి వార్తలో "ప్రజలు తీవ్ర ఆగ్రహం వ్యక్తం చేస్తున్నారు" అని రాశాను. ఆయన నన్ను పిలిచి, "ఎంతమంది ప్రజలు పాపా?" అన్నారు. నీళ్ళు నమిలి, ముగ్గురితో మాట్లాడానని చెప్పాను. "అయితే ముగ్గురని రాయి. వాళ్ళ పేర్లు రాయి. ఊరంతా నీతో మాట్లాడినట్టు నన్ను నమ్మించొద్దు" అన్నారు. విశ్వసనీయ వర్గాలు అన్న మాట కనపడితే చాలు, కొట్టేసేవారు. ఆయన ఎదుట కూర్చున్న ఏడాదిలో నాకు అనుమానించడం బాగా అలవాటైంది. అది చదువు అనుకున్నాను.

పుత్తూరు దగ్గరి ఒక ఊళ్ళో రమణమ్మ అనే అంగన్‌వాడీ కార్యకర్త ఉండేది. పిల్లలకు రావలసిన పాలు, గుడ్లు రాకుండానే వచ్చినట్టు సంతకాలు పెట్టిస్తున్నారని ఆమె నాకు చెప్పింది. రిజిస్టర్లో ఒక పేజీ చూపిస్తే ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. సరుకు తోలేవాడు అక్కడి నాయకుడి మనిషి. ఖాదర్ సార్ ఫొటో చూసి, "ఇది ఆమె చేతిరాత. అచ్చెయ్యొద్దు, ఎవురికీ చూపించొద్దు. ఇంకో నాలుగు ఊర్లు తిరిగి రా" అన్నారు. తిరిగాను. వార్త వచ్చింది. మరుసటి రోజే రమణమ్మను పని నుంచి తీసేశారు.

ఆమె పేరు ఎవరు బయటపెట్టారు? ఆఫీసులో గుసగుసలు మొదలయ్యాయి. వార్త రావడానికి ముందు రోజు ఖాదర్ సార్ ఆ నాయకుడి ఇంట్లో కూర్చుని టీ తాగుతుంటే చూశామని ఇద్దరు చెప్పారు. నేను నేరుగా అడిగాను.

"సార్, మీరు ఆయన ఇంటికి పోయినారా?"

"పోయినాను."

"ఎందుకు?"

"అవతలోళ్ళ మాట కూడా అడగల్ల గదా" అని మళ్ళీ కాగితాల్లో తల పెట్టేశారు. ఆ జవాబు నాకు తప్పించుకున్నట్టు వినిపించింది. ఆ తర్వాత ఆయనతో మాటలు తగ్గించాను. ఆయన ఏ వార్త కుదించినా అందులో ఎవరి చెయ్యి ఉందోనని వెతికేదాన్ని. ఆరు నెలలకు ఆయన ఉద్యోగం మానేసి పాకాలలో తమ్ముడి దగ్గరకు వెళ్ళిపోయారు. వీడ్కోలుకు నేను వెళ్ళలేదు. తర్వాత మా పేజీలూ తగ్గిపోయాయి, నేను ఒక యూట్యూబ్ చానల్లో చేరాను.

ఆ వార్త వచ్చిన రెండేళ్ళకు మా అమ్మ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంటే విరిగిన ఎముకలకు వేసే నాటు కట్టుకు పేరుపడ్డ పుత్తూరు తీసుకెళ్ళాను. అక్కడ వరుసలో మామగారితో కూర్చుని ఉంది రమణమ్మ. నన్ను చూసి పలకరించింది. మళ్ళీ పనిలోకి తీసుకున్నారట. "సార్ మూడు తూర్లు మా ఇంటికొచ్చినారు మేడం. కలెక్టరాఫీసుకు అర్జీ ఆయనే దగ్గరుండి రాయించినారు" అంది. నేను తడబడుతూ, మరి నీ పేరు బయటపెట్టింది ఆయన కాదా అని అడిగాను.

"ఆయనెందుకు చెప్తారు? ఆ సరుకు తోలేవాళ్ళు ఫోన్లో నా రిజిస్టరు పేజీ చూపించి, ఇది నీ రాతే గదా అన్న్యారు. పేజీ మూలన మా పాప అంటించిన బొట్టుబిళ్ళ గూడా అట్నే ఉండాది. ఇంగ కాదని యెట్లా అనేది?"

ఆ ఫొటో తీసింది నేనొక్కదాన్నే. సాక్ష్యం ఉందని గొప్ప చెప్పుకోవడానికి మా విలేకరుల వాట్సాప్ గ్రూపులో పెట్టిందీ నేనే. పెట్టిన సంగతే మరిచిపోయాను. అక్కడి నుంచి అది ఆ నాయకుడికి చేరడానికి ఒక్క విలేకరి చాలు. బటన్ల ఫోన్ ఉన్న ఖాదర్ సార్ ఆ గ్రూపులో లేనే లేరు.

ఆ వారమే పాకాల వెళ్ళాను. రైల్వే స్టేషన్ వీధిలో తమ్ముడి కుట్టు దుకాణం ముందు కూర్చుని ఉన్నారు, చాలా చిక్కిపోయి. చెప్పాలనుకున్నదంతా చెప్పేశాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"మీకు ముందే తెలుసా సార్?"

"రమణమ్మ అప్పుడే చెప్పింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వే పోయి ఆమెను అడుగుతావని చూసినాను. అడిగే పని నేర్పించినాను గదా." ఒళ్ళో పడ్డ గుడ్డ ముక్కను మడత పెట్టారు. "నన్ను అనుమానించినావు, అది తప్పు గాదు పాపా. ఆడికే నిలిచిపోయినావు. ఇంకో తలుపు తట్టింటే నీ పేరే బయటికొస్తుండె. నన్ను అనుమానించేది నీకు సులువుగా ఉండింది."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది. తమ్ముడి భార్య అన్నం తినమంటే తిన్నాను. ఇంటికి వచ్చాక ఆ పాత గ్రూపులో జరిగింది జరిగినట్టు రాసి పెట్టాను. ముగ్గురు చూశారు. ఆ వానాకాలంలోనే ఖాదర్ సార్ పోయారు.

ఇప్పుడు ఎవరిమీదైనా ఒక నింద నా చేతికి మెత్తగా, వాటంగా అమరితే నాకు భయం వేస్తుంది. పోయిన నెల నాకు అస్సలు నచ్చని ఒక నాయకుడి మీద వీడియో ఒకటి వచ్చింది. చూస్తుంటే లోపల సంతోషం కలిగింది. ఆ సంతోషాన్నే అనుమానించి, వీడియో పక్కన పెట్టి చిత్తూరు బస్సెక్కాను. అందులో ఉన్నవాళ్ళను కలిశాను, చివరికి ఆ నాయకుడి గడపా తొక్కాను. వీడియో నిజమేనని తేలింది. అప్పటికి నాలుగు చానళ్ళు దాన్ని వేసేశాయి. రెండు రోజులు ఎందుకు ఆలస్యమైందని మా యజమాని మండిపడ్డాడు.

"అడగడానికి వెళ్ళాను" అన్నాను.