ముప్పావు తులం ఉప్పు

నైజాం పాలన ముగిసిన కొత్తలో, మా సూర్యాపేటలో ఇంటర్ పాసైనవాడికి తెలియనిది లేదని అందరూ నమ్మేవారు. అందరికంటే గట్టిగా నేను నమ్మాను. ఒక చిన్న దవాఖానలో నర్సు పని నేర్చుకునే ఐదుగురు ఆడపిల్లలకు రసాయన శాస్త్రం చెప్పమని డాక్టరమ్మ పిలిస్తే, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి బోర్డు నిండా సూత్రాలు రాసి వచ్చేవాణ్ణి (నేను చదివింది ఉర్దూలో, వాళ్ళకు చెప్పేది తెలుగులో, మధ్యలో శాస్త్రం ఎవరికీ దొరక్కుండా జారిపోయేది). వాళ్ళలో త్రిపురారం అనే ఊరి నుంచి వచ్చిన పిల్ల ఒకతె, శాతం అన్న మాట వింటేనే బెదిరిపోయేది. "ఈమెకు తలకెక్కదు, ఇంటికి పంపండి" అని డాక్టరమ్మతో చెప్పేశాను. ఇంటికి పోతే ఆ పిల్లకు మళ్ళీ పరాయి పొలాల్లో నాట్లే. డాక్టరమ్మ వారం గడువిచ్చింది.

ఆ వారంలోనే, కళ్ళు కడిగే ఉప్పునీళ్ళు ఎలా చేయాలో చూపించాను. కాచి చల్లార్చిన శేరు నీళ్ళలో, బోర్డు మీద లెక్కగట్టి మరీ, ఏడున్నర తులాల ఉప్పు కలిపాను. త్రిపురారం పిల్ల చెంచాతో కాస్త తీసుకుని రుచి చూసింది.

"సారూ, గిది మామిడి తొక్కులకు సరిపోతది. కంట్ల పొయ్యకుండ్రి."

"లెక్క నీకు తెలుసా, నాకు తెలుసా?"

"లెక్క నాకెర్క లేదు సారూ. కన్నీళ్లల్ల ఎంత ఉప్పుంటదో గంతే ఉండాలె గద."

పంతానికి నా కంట్లోనే పోసుకున్నాను. ఆ తర్వాత బోర్డు కనపడలేదు, బల్ల కనపడలేదు. నా కేకకు వచ్చిన డాక్టరమ్మ గొంతు మాత్రం వినపడింది. "ఎవరు కలిపారివి?"

"ఈ పిల్లే" అన్నాను.

ఆ పిల్ల కాదనలేదు. "మళ్ల కలుపుతనమ్మా" అని కొత్తగా శేరు నీళ్ళు తీసుకుని, కొద్దికొద్దిగా ఉప్పు వేస్తూ రుచి చూసి ఆపింది. మిగిలిన ఉప్పు తూచి చూస్తే, పడింది ముప్పావు తులం. నా లెక్కలో దశాంశ బిందువు ఒక గడి పక్కకు జరిగింది. "ఈ అమ్మాయి ఇక్కడే ఉంటుంది" అంది డాక్టరమ్మ.

మర్నాటి నుంచి బోర్డు వదిలి మజ్జిగ, ఉప్పు, బెల్లం నీళ్ళతో పాఠం చెప్పాను. ఐదుగురూ పాసయ్యారు. మంచి సారునన్న పేరు నాకొచ్చింది. నిజం మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మొన్న మిర్యాలగూడ బస్టాండులో తెల్లచీర కట్టుకున్న పెద్ద నర్సమ్మ ఒకామె నవ్వుతూ ఎదురొచ్చింది. "తొక్కుల సారూ, మంచిగున్నరా?"

ఇరవై ఏళ్ళుగా మింగలేని మాట కక్కేశాను. ఆమె తేలిగ్గా తీసుకుంది.

"డాక్టరమ్మకు గప్పుడే ఎర్కయింది సారూ. మీ చేతులకు ఉప్పు అట్లనే ఉండె. మిమ్మల్ని పంపిస్తనన్నది. సారుకు గూడ ఓ వారం గడువియ్యుండ్రి అని నేనే అడిగిన."

ఆమె బస్సు కదిలాక పెదవి మీదికి ఏదో జారింది. రుచి చూశాను. ఉప్పు సరిగ్గానే ఉంది.