సిస్టర్ సుగుణ రాసిన పేజీ

పదమూడేళ్ళుగా ఒక కాగితం నా గుండెల మీద కూర్చుని ఉంది. నర్సులు రాసే రికార్డులోంచి నేను చింపిన కాగితం. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే కాబోలు మీ దగ్గర నోరు విప్పగలుగుతున్నాను. ఒక్కటి మాత్రం ముందే చెప్తాను. ఇది ఏడుస్తూ రాస్తున్నది కాదు. ఇన్నేళ్ళలో ఇంత సంతోషంగా నేనెప్పుడూ లేను.

పటాన్‌చెరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎముకల డాక్టర్ని. కొత్తగా చేరే డాక్టర్లకు నేనిచ్చే శిక్షణకు మా చుట్టుపక్కల కొంచెం పేరుంది. మొదటి రెండు వారాలు వాళ్ళ మెడలో స్టెతస్కోపు ఉండదు. నర్సుల కింద పని చేయాలి. పేషెంటుకు ఒళ్ళు తుడవాలి, పక్క మార్చాలి, అన్నం తినిపించాలి, రాత్రి నిద్ర పట్టిందా అని అడిగి జవాబు వినేదాకా నిలబడాలి. మొదట్లో మొహాలు మాడ్చుకుంటారు. ఎంబీబీఎస్ చదివింది దుప్పట్లు మార్చడానికా అని గొణుగుతారు. పదో రోజుకల్లా పేషెంటు పిల్లల పేర్లు కూడా చెప్తారు. ఇదంతా నా ఆలోచనేనని అందరూ అనుకున్నారు. శాలువాలు కప్పారు. కప్పించుకున్నాను. ఒక్కసారైనా కాదనలేదు.

ఆ పద్ధతి నాది కాదు. సిస్టర్ సుగుణది.

పదమూడేళ్ళ కింద, ఇదే ఆసుపత్రిలో నేను రౌండ్స్‌కు వస్తున్నానంటే వార్డంతా హడావిడి. ప్రతి మంచం మీదా దుప్పటి నలగకుండా, పాదాలు కనబడకుండా కప్పి ఉండాలి. అది నా రూలు. మంచం చివర నిలబడి కేస్ షీటు చదివి, పేషెంటుతో కాకుండా ఆ షీటుతో మాట్లాడి వెళ్ళిపోయేవాణ్ణి. ఆ రోజు ఒక మంచం మీద మాత్రం కాలు బయటికి ఉంది. పేషెంటు పేరు బిరేన్. ఒడిశా మనిషి, ముత్తంగి దగ్గర గోడౌన్‌లో లోడింగ్ పని. మోకాలి కింద ఎముక విరిగితే ముందురోజే నేను సిమెంటు కట్టు వేశాను. పక్కన సుగుణ నిలబడి ఉంది. సంగారెడ్డి ఆవిడ. ఆదివారం చర్చిలో గొంతెత్తి పాడేదట, వార్డులో మాత్రం అవసరానికి మించి ఒక్క మాట ఉండేది కాదు.

"ఏంది సిస్టర్ గిట్ల? దుప్పటి కప్పనీకి చేతులు రావా?" అన్నాను.

"నేనే తీసిపెట్టిన సార్, మీకు కనబడాలని. కాలి ఏళ్ళు సల్లగైనయి. సూది ఇచ్చినా నొప్పి తగ్గుతలేదు. పొద్దుగాల నుంచి బుక్క ముట్టలేదు."

"కట్టు ఏసినంక నొప్పి ఉండదా? నాకు నేర్పుతున్నవా?"

"నేర్పుడు కాదు సార్. జెర ముట్టి సూడుండ్రి, సాలు."

నేను ముట్టలేదు. దుప్పటి లాగి ఆ కాలి మీద నేనే కప్పాను.

మధ్యాహ్నం ఆమె ఫోన్ కూడా చేసింది. రేపు చూస్తానన్నాను. మర్నాడు కట్టు కోసేసరికి, అది బిగుసుకుపోయి రక్తం ఆడక లోపల కాలు నల్లబడి ఉంది. హైదరాబాదు పంపించాం. మోకాలి కిందికి తీసేశారు.

విచారణ జరిగింది. సుగుణ రికార్డులో అంతా రాసింది. వేళ్ళు చల్లబడ్డాయని, డాక్టరుకు చెప్పానని, ఫోన్ చేశానని, టైముతో సహా. యాజమాన్యం ఆ రికార్డు అడిగేలోపే పేజీ చింపి జేబులో పెట్టుకున్నాను. నాకెవరూ చెప్పలేదన్నాను. ఆమె రాశానంది. చూపించమన్నారు. పేజీ లేదు. ఆమె నా వంక చూసింది. వారం తిరక్కుండా ఆమె ఉద్యోగం పోయింది.

భయపడ్డానా? భయమైతే నాలుగు రోజులుంటుంది. పదమూడేళ్ళుంటుందా? ఆ కాలు గుర్తొచ్చినప్పుడల్లా నిద్రపట్టక, ఆమె వార్డులో ఏమేం చేసేదో ఒక్కొక్కటే గుర్తు చేసుకుని, దాన్నే పాఠంగా మార్చి కుర్ర డాక్టర్లకు నేర్పిస్తూ, చేసిన తప్పు దిద్దుకుంటున్నానని నన్ను నేను నమ్మించుకుంటూ, ఆ పాఠం మీద కూడా నా పేరే వేసుకున్న మనిషిని ఏమనాలి? దొంగ అనాలి. ఒకసారి కాదు, రెండుసార్లు దొంగ.

ఈ ఏడు కొత్త బ్యాచ్‌లో మానస అని ఒకమ్మాయి చేరింది. శిక్షణ పదకొండో రోజున ఒక ఫ్యాక్టరీ కార్మికుడి కాళ్ళు తుడుస్తుంటే వేళ్ళు చల్లగా తగిలాయి. కట్టు వేసింది నేనే. నాకు ఫోన్ చేసింది. కట్టు కోయమంటారా అని అడగలేదు, కోస్తున్నానని చెప్పింది. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి కట్టు విప్పి ఉంది, వేళ్ళలోకి రంగు వస్తోంది. ఆ కాలు దక్కింది. మూడు నెలలకు ఆ మనిషి తన రెండు కాళ్ళ మీద నడుచుకుంటూ వార్డులోకి వస్తే నర్సులు, డాక్టర్లు, ఆయాలు అంతా చప్పట్లు. నేనైతే వయసు మరిచి ఈల వేశాను.

ఆ రోజే బ్యాచ్ వాళ్ళు చిన్న సభ పెట్టారు. ఇదంతా సార్ పద్ధతి వల్లేనని మానస మైకులో చెప్పింది. ఇక నావల్ల కాలేదు. లేచి మైకు తీసుకున్నాను. దుప్పటి గురించి, పేజీ గురించి, సుగుణ గురించి చెప్పేశాను. ఇన్నాళ్ళూ దాచుకున్న ఆ పేజీని, నా సంతకంతో ఒక ఉత్తరాన్ని యాజమాన్యానికి ఇచ్చాను. నన్ను ఉంచుతారో పంపిస్తారో ఇంకా తేల్చలేదు. ఏం చేసినా సరే. బయటికొచ్చి రోడ్డు పక్కన చాయ్ తాగుతుంటే అది చాయ్‌లా ఉంది. అన్నేళ్ళు నేను తాగిందేమిటో మరి.

సుగుణ ఇప్పుడు రుద్రారంలో ఒక చిన్న క్లినిక్‌లో పనిచేస్తోంది. వెళ్ళి అంతా చెప్పాను. క్షమించమని అడగబోతే చెయ్యెత్తి ఆపింది.

"నాకు సెప్పిండ్రు, మంచిదే. కాలు పోయిన ఆయనకు సెప్పిండ్రా?"

లేదు. బిరేన్ ఎక్కడున్నాడో వెతుకుతున్నాను. దొరికితే ఆ గడప కూడా తొక్కుతాను.

శిక్షణ బాధ్యత తీసుకోమని ఆమెను అడిగాను. పిల్లల కోసం వస్తానంది, మీ కోసం కాదని కూడా అంది. మొన్న సోమవారం మొదటి క్లాసు. వెనక వరసలో కుర్ర డాక్టర్ల మధ్య కూర్చున్నాను. ఆమె హాజరు పట్టీ తెరిచి ఒక్కొక్క పేరే పిలిచింది. చివర్లో నా పేరు కూడా పిలిచింది, సార్ అనకుండా. లేచి నిలబడి పలికాను.